బోరు నీళ్లలో పెట్రోల్ వాసన: ఇంకా లోతుకు బోరు వేయాలా, ఫిల్టర్ పెట్టాలా?

మాధవి_మల్కాజిగిరి

నమస్తే. మాది 12 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. తాగడానికి, వంటకు నల్లా నీళ్లు, మిగతా అన్నిటికీ బోరే. 20 రోజుల కింద పొద్దున్నే బకెట్ నింపుతుంటే పెట్రోల్ వాసన గుప్పుమంది. సంపు మూత తీసి చూస్తే నీళ్ల మీద రంగురంగుల తెట్టు. మా వెనక గోడకు వంద అడుగుల లోపే ఒక బంకు ఉంది. వెళ్లి అడిగితే మీ మోటారు ఆయిలే కారుతోందేమో చూసుకోండి అన్నారు. మోటారు పైకి తీయించాం, ఎక్కడా లీకు లేదు.

బోరు 450 అడుగులు. మీటింగ్ పెడితే సగం మంది వెయ్యి అడుగులకు కొత్త బోరు వేద్దామంటున్నారు, సగం మంది పెద్ద ఫిల్టర్ చాలంటున్నారు. నూనె తినే బ్యాక్టీరియా పౌడర్ బోరులో పోస్తామని ఇంకొకాయన వచ్చి వెళ్లాడు. మా అత్తమ్మకు ఆస్తమా. స్నానం చేసి వచ్చిన ప్రతిసారీ దగ్గుతోంది. నాకు టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

బోరు_పని_ఉప్పల్

అక్కా, ముందు ఒక పుల్లతో ఆ తెట్టును కదిపి చూడు. ఇనుము ఎక్కువున్న నీళ్ల మీద కూడా ఇట్లాంటి తెట్టే కడతది. పుల్ల పెడితే పెంకుల్లాగ విరిగి అట్లనే ఉంటే అది ఇనుముది. విడిపోయి మళ్లీ కలిసిపోతే నూనెది.

పాత_జియాలజిస్టు

మాధవి గారూ, నేను ముప్పై ఏళ్లు భూగర్భ జలాల పని చేశాను. ఈరోజు నుంచే ఆ నీళ్లతో స్నానాలు ఆపండి. పెట్రోల్‌లోని బెంజీన్ అనే విషపు రసాయనం వేడినీళ్ల నుంచి ఆవిరై బాత్‌రూమ్ నిండా చేరుతుంది. మరిగిస్తే పోతుందనుకుని వంటింట్లో మరిగించకండి, అది నేరుగా ఊపిరిలోకే వస్తుంది. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు, సెల్లార్లో, సంపు గుంతలో అడుగున పేరుకుంటుంది. అక్కడ లైటర్ గానీ, స్విచ్ గానీ వేయనివ్వకండి.

కొత్త బోరు మాట పూర్తిగా మరచిపోండి. మన హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటు. పైన మొరం, దాని కింద గుల్లరాయి, ఆ కింద షీట్ రాక్, అంటే గట్టి రాయి. నీళ్లు ఉండేది రాతి పగుళ్లలోనే, బోరు వేసేవాళ్లు గ్యాప్ అంటారే, అవే. పెట్రోల్ నీటికన్నా తేలిక కాబట్టి నీటి మట్టం మీద తేలుతూ పగులు ఎటుంటే అటు పోతుంది. వెయ్యి అడుగుల రంధ్రం వేసి కేసింగ్ (బోరులో దించే పైపు) సరిగ్గా మూయకపోతే, పైనున్న కంపును కింది నీళ్లకు మీ చేతులతోనే దించినట్టవుతుంది. ఉన్న బోరును కూడా గంటల తరబడి నడపకండి, లాగేకొద్దీ మీవైపే వస్తుంది.

వాసన తగ్గిందని నమ్మకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో బెంజీన్‌కు పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. మన ముక్కు దాన్ని అస్సలు పసిగట్టలేదు. మన పెట్రోల్‌లో బెంజీన్ 1 శాతం దాకా ఉండొచ్చు. లెక్క కడితే ఒక్క లీటరు పెట్రోల్ 8 లక్షల లీటర్ల నీటిని ఆ హద్దు దాటించగలదు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 160.

నీళ్ల పరీక్షకు ప్లాస్టిక్ సీసా వాడొద్దు. ల్యాబ్‌వాళ్లు 40 మిల్లీలీటర్ల గాజు సీసాలు ఇస్తారు. నీటిని గోడ వెంబడి మెల్లగా నింపి, అంచు మీద ఉబ్బెత్తుగా నిలిచాక మూత బిగించి తలకిందులు చేయండి. ఒక్క బుడగ కనబడినా ఆ సీసా పనికిరాదు, బెంజీన్ ఆ గాలిలోకి పోతుంది. ఐసు పెట్టెలో పెట్టి ఆ రోజే ఇవ్వండి.

రిపోర్టు చేతికొచ్చాక సనత్‌నగర్‌లోని కాలుష్య నియంత్రణ మండలిలో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. బంకు ట్యాంకులు, పైపుల ఒత్తిడి పరీక్ష చేయించమని అడగండి. కలుషిత స్థలాల మీద కేంద్రం 2025 జూలైలో నియమాలు తెచ్చింది, కలుషితం చేసినవాడే శుభ్రం చేసే ఖర్చు భరించాలన్నది వాటి మూలం.

డీజిల్_మట్టి

నేను ఆటోనగర్‌లో లారీ షెడ్డు దగ్గర డీజిల్ కారిన మట్టిని శుభ్రం చేశాను. టార్పాలిన్ మీద పరిచి, యూరియా, సూపర్ ఫాస్ఫేట్ కొద్దిగా కలిపి, తడి ఆరకుండా వారం వారం తిరగేశాం. మట్టిలో ఉండే సూక్ష్మజీవులే తినేశాయి, కానీ నెలలు పట్టింది. వాటికి గాలి కావాలి, అదే అసలు కిటుకు. టెరీ సంస్థ తయారుచేసిన ఆయిల్‌జాపర్ లాంటి నూనె తినే బ్యాక్టీరియా మందులు రిఫైనరీ బురద మీద బాగా పనిచేశాయి. మీ బోరులో ఆ పౌడర్ పోయించడం మాత్రం డబ్బు దండగ, గాలి ఆడని రాతి పగుళ్లలో అది ఎక్కడికని పోతుంది?

మీ దగ్గర చేయాల్సింది వేరే. లీకు ఆగాలి, బంకు ట్యాంకు ఖాళీ కావాలి. బావుల్లో తేలే పెట్రోల్‌ను పైపైన తోడాలి. మొరంలో చిక్కిన ఆవిరిని పంపుతో పీల్చి కార్బన్ గుండా పంపాలి, నీటిలోకి గాలి ఊదాలి. లీకు ఆగకుండా ఇవన్నీ చేస్తే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. ఇంకో చిక్కు ఉంది. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. సూక్ష్మజీవులు ముందు దాన్నే తిని ఉన్న ఆక్సిజన్ అంతా వాడేస్తాయి, బెంజీన్ మిగిలిపోయి ఇంకా దూరం పాకుతుంది. అందుకే ఆలస్యం చేయకండి.

మాధవి_మల్కాజిగిరి

అందరికీ చాలా థాంక్స్. పుల్లతో కదిపాను, విడిపోయి మళ్లీ కలిసిపోయింది. బోరు ఆపేశాం, ట్యాంకర్ తెప్పించుకుంటున్నాం. రెండు రోజులుగా అత్తమ్మకు దగ్గు తగ్గింది. సీసాలు నిన్న ఇచ్చాం, మొదటిదాంట్లో బుడగ వస్తే పారబోసి మళ్లీ నింపాను. పక్క సందులో ఎవరూ వాడని చేదబావి ఒకటి ఉంది, అక్కడా పరీక్షకు నీళ్లు తీయాలా?

పాత_జియాలజిస్టు

తప్పకుండా తీయండమ్మా. ఆ బావిలో, మీ బోరులో, వీలైతే బంకు అవతలి ఇంటి బోరులో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో ఒకే రోజు టేపుతో కొలిచి రాసిపెట్టండి. బావి గట్టు, కేసింగ్ అంచులు ఒకే ఎత్తులో ఉండవు, ఆ తేడా కూడా రాయండి. మూడు చోట్ల కొలతలుంటే నీళ్లు బంకు నుంచి మీవైపు వాలుతున్నాయో లేదో తెలుస్తుంది. చేదబావిలోకి ఎవరినీ దించకండి, సీసాను తాడుకు కట్టి దించండి.