స్కై దీవి – అమ్మానాన్నలతో కారులో, నాలుగు రోజులు సరిపోతాయా?

లీడ్స్ భీమవరం:
అందరికీ నమస్తే. మే చివర్లో అమ్మానాన్న ఇండియా నుంచి వస్తున్నారు, బ్యాంక్ హాలిడే కలుపుకుని నాలుగు రోజులు స్కాట్లాండ్ వెళ్ళి స్కై దీవి మొత్తం చుట్టేద్దామని ప్లాన్. మా కారే, నేనే డ్రైవింగ్. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, అమ్మ గుడ్డు కూడా ముట్టదు. నా లిస్టు – ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టోర్, క్విరైంగ్, కిల్ట్ రాక్, ఫెయిరీ పూల్స్, నీస్ట్ పాయింట్ లైట్‌హౌస్, డన్‌వెగన్ కోట. మ్యాప్‌లో పెడితే దీవి లోపల అంతా కలిపి రెండొందల మైళ్ళు కూడా లేదు, రెండ్రోజుల్లో అయిపోతుంది కదా? లీడ్స్ నుంచి పోర్ట్‌రీ (దీవిలో పెద్ద ఊరు) ఒక్క రోజులో కొట్టేయొచ్చా?

గ్లాస్గో గోంగూర:
తమ్ముడూ, కొట్టేయొచ్చు, దిగాక నిన్ను మోసుకెళ్ళాలి. లీడ్స్ నుంచి గ్లాస్గో వచ్చేసరికి అయ్యేది సగం దారే, అదీ తేలిక సగం, చాలావరకు మోటార్‌వే. అసలు దారి గ్లాస్గో దాటాకే మొదలవుతుంది, లోచ్ లోమండ్ సరస్సు పక్కనే ఏ82 రోడ్డు ఎంత ఇరుకంటే ఎదురుగా టూరిస్టు బస్సు వస్తే ఊపిరి బిగబట్టాల్సిందే. ఆ రాత్రికి గ్లాస్గోలో ఆగు, పొద్దున్నే బయల్దేరు. గ్లెన్‌కో లోయ దగ్గర మీ నాన్నగారు కారు ఆపమనకుండా ఉండరు, అక్కడో గంట రాసి పెట్టుకో. ఫోర్ట్ విలియంలో తిని, స్కైకి వెళ్ళే బ్రిడ్జికి ముందే డోర్నీలో ఐలియన్ డోనన్ కోట దగ్గర ఇంకో గంట. మ్యాప్ ఐదు గంటలని చెప్తుంది, పెద్దవాళ్ళతో ఎనిమిది.

మే చివరంటే రాత్రి పదింటికి కూడా వెలుతురుంటుంది కాబట్టి చీకటి పడుతుందన్న కంగారు అక్కర్లేదు, కాకపోతే బ్లాకౌట్ కర్టెన్లు లేని రూమ్ అయితే అమ్మగారు నాలుగున్నరకే లేచి కాఫీ అడుగుతారు :)

వరంగల్ టు ఇన్‌వర్‌నెస్:
మైళ్ళు చూసి లెక్కేయకు బ్రో, నేను గట్లనే లెక్కేసి బుక్కైన. మెయిన్ రోడ్డు వదిలి నీస్ట్ పాయింట్ దిక్కు గానీ ఫెయిరీ పూల్స్ దిక్కు గానీ తిరిగినవంటే అంతా సింగిల్ ట్రాక్, అంటే పోయేటోనికి వచ్చేటోనికి ఒకటే లేన్. నడుమ నడుమ పాసింగ్ ప్లేస్ అని బోర్డు పెట్టి కొంచెం వెడల్పు చేసిన జాగలుంటయ్. అది నీ ఎడమ దిక్కుంటే అండ్ల దూరాలె, కుడి దిక్కుంటే దూరొద్దు, దాని ఎదురుంగ నీ లేన్లనే ఆగాలె, అవతలోడు అండ్లకెల్లి తిప్పుకొని పోతడు. ఇది తెల్వక నేను మొదటి రోజు కుడి దిక్కు దూరిన, ఎదురొచ్చిన ముసలాయన ఏమనలే గానీ ఆ చూపు ఇంకా యాదికున్నది. వెనక లోకల్ వాళ్ళు వస్తుంటే కూడా ఆగి పోనియ్యాలె, వాళ్ళు డ్యూటీకి పోతుంటరు, మనలెక్క మేకలను సూడనీకి రాలే. ఫొటో కోసం అండ్ల పార్క్ చేసుడైతే అస్సలొద్దు.

ఇంకోటి, రోడ్డు అంచు జూసి నడుపు. తారు అయిపోయిన కాడ జానెడు లోతు గుంత ఉంటది, గడ్డి కప్పి కనపడది. నా రెంటల్ కారు టైర్ సైడ్ అక్కడనే చీలింది. ఇన్సూరెన్స్‌ల టైర్లు రావన్నరు, కంపెనీ పేరు చెప్పను గానీ ఆ బిల్లుకు ఇంకో రెండు రోజులు ఉండి రావచ్చు. కిరాయి కారు తీసుకునేటోళ్ళు టైర్లు, అద్దాలు కవర్ అయితయా అని ముందుగాల్నే అడగండ్రి.

సిక్కోలు సీగల్:
మోకాళ్ళ నొప్పి అన్నారు కాబట్టి చెప్తున్నా, మీ లిస్టులో సగం నడక. ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టోర్ అంటే కొండ మీద నిలబడ్డ పెద్ద రాయి, అక్కడిదాకా వెళ్ళి రావాలంటే మామూలు వాళ్ళకే గంటన్నర పైన, అంతా ఎక్కుడే. కానీ పోర్ట్‌రీ నుంచి వెళ్తుంటే లోచ్ ఫాడా దాటుతున్నప్పుడు ఆ రాయి రోడ్డు మీంచే కనిపిస్తాది, నాన్నగారికి అది చాలు. కిల్ట్ రాక్ కారు దిగితే పది అడుగులే. క్విరైంగ్ కూడా పైన కార్ పార్క్ నుంచి నాలుగు అడుగులేస్తే చాలు, మొత్తం లోయ కింద పరుచుకుని ఉంటాది. ఆ కొండంతా ఇప్పటికీ కొంచెం కొంచెం జారుతూనే ఉందట, ఫ్లాడిగరీ దగ్గర రోడ్డుని ఏటా బాగు చేస్తారు. నీస్ట్ పాయింట్‌లో లైట్‌హౌస్ దాకా దిగొద్దు, దిగితే ఆ మెట్లన్నీ మళ్ళీ ఎక్కాలి, పైన గట్టు మీంచే చూసేయండి. ఫెయిరీ పూల్స్ మాత్రం తీసేయండి బాబూ.

కిల్ట్ రాక్ దగ్గర ఒకటి చూడండి, చూడటం కాదు వినండి. అంచున కట్టిన ఇనప రెయిలింగ్ గొట్టాలకి చిల్లులుంటాయి, సముద్రం మీంచి గాలి కొట్టినప్పుడు వాటిలోంచి పిల్లనగ్రోవి ఊదినట్టు సన్నగా ఊళ వస్తాది. మా పిల్ల దెయ్యం అని కారెక్కేసింది. గాలి గురించి ఇంకో మాట, కారు డోరు చేత్తో గట్టిగా పట్టుకుని తీయమనండి, ఒక్కసారి విసిరికొడితే కీలు ఊడిపోద్ది.

గ్లాస్గో గోంగూర:
స్టోర్ రోడ్డు మీంచి కనిపిస్తుందని గ్యారంటీ ఇవ్వకు. గేలిక్ అనే ఇక్కడి పాత భాషలో ఈ దీవికి ఇంకో పేరే పొగమంచు దీవి. నేను నాలుగుసార్లు వెళ్తే రెండుసార్లు కనపడింది.

చారు లేనిదే:
ఫుడ్ సంగతి ఎవరూ చెప్పలేదే. హోటల్ కాదు, కిచెన్ ఉన్న కాటేజ్ తీసుకోండి, ఇప్పుడే, మే దాకా ఆగితే దీవిలో ఏమీ మిగలదు. పోర్ట్‌రీలోనూ బ్రాడ్‌ఫర్డ్‌లోనూ కో-ఆప్ సూపర్‌మార్కెట్ ఉంది, పాలు పెరుగు కూరగాయలకి ఢోకా లేదు, మిగతావి ఇంటి నుంచే. నేను బుల్లి రైస్ కుక్కర్, పులిహోర పేస్టు, కంది పొడి పట్టుకెళ్ళా. వాన పడుతుంటే స్లిగాకన్‌లో కారులో అద్దాలు మూసుకుని పులిహోర తిన్నాం, అద్దాలన్నీ ఆవిరి పట్టేసి నల్ల క్యూలిన్ కొండలు కాస్తా మాయం, ఇంగువ వాసన లీడ్స్ వెళ్ళేదాకా ఉంటుంది, మీ ఇష్టం.

మిడ్జీల గురించి కూడా, అంటే కుట్టే బుల్లి పురుగులు. దోమలో పదోవంతు ఉండవు, గుంపుగా వచ్చి మొహం మీద పడతాయి. గాలి ఉంటే రావు, ఎండ కాస్తే రావు, సాయంత్రం గాలి ఆగి తడిగా ఉందా, అయిపోయారు. తలమీంచి వేసుకునే నెట్ అమ్ముతారు, నవ్వుకుంటూ కొన్నా, ఏడుస్తూ వేసుకున్నా. మే చివర ఇంకా మొదలే కాబట్టి మీకు కొంచెం నయం.

లీడ్స్ భీమవరం:
బాబోయ్, అందరికీ థ్యాంక్స్. ఫెయిరీ పూల్స్, డన్‌వెగన్ కొట్టేశా. ఇంకో డౌట్, మా తమ్ముడు జనవరిలోనే చదువుకోడానికి వచ్చాడు, ఇండియా లైసెన్స్ ఉంది, వాడు కాసేపు నడపొచ్చా? వెళ్ళేటప్పుడు బ్రిడ్జి మీదుగా వెళ్ళి వచ్చేటప్పుడు వేరే దారి ఏమైనా ఉందా?

సిక్కోలు సీగల్:
వచ్చిన రోజు నుంచి 12 నెలలు ఇండియా లైసెన్స్ చెల్లుద్ది, ఇన్సూరెన్స్‌లో తమ్ముడి పేరు చేర్పించండి అంతే. కానీ సింగిల్ ట్రాక్ మాత్రం వాడికి ఇవ్వకండి.

గ్లాస్గో గోంగూర:
బ్రిడ్జి 1995లో వచ్చింది, 2004 దాకా టోల్ ఉండేది, జనం పోట్లాడి తీయించుకున్నారు, ఇప్పుడు ఫ్రీ. వచ్చేటప్పుడు రెండు దారులున్నాయి. ఆర్మడేల్ నుంచి మలైగ్ పెద్ద ఫెర్రీ, అది ముందే బుక్ చేసుకోవాలి. రెండోది కైల్‌రే నుంచి గ్లెనెల్గ్, ఆరు కార్లు పట్టే బుల్లి ఫెర్రీ, వేసవిలోనే నడుస్తుంది. నా మాట విని రెండోది ఎక్కు. రేవు దాకా దారి నిటారుగా ఉంటుంది, సింగిల్ ట్రాకే, తమ్ముడికి ఇవ్వకు.

లీడ్స్ భీమవరం:
వెళ్ళొచ్చాం! కాటేజ్ పోర్ట్‌రీలో దొరకలేదు, బ్రాడ్‌ఫర్డ్ దగ్గర తీసుకున్నాం, రోజూ అరగంట పైన ఎక్స్‌ట్రా డ్రైవింగ్ అయ్యింది గానీ వంటిల్లు బాగుంది. పాసింగ్ ప్లేస్ పాఠానికి వరంగల్ అన్నకి దండం, రెండో రోజుకి నాన్న ముందు సీట్లో కూర్చుని "ఎడమ, దూరు... కుడి, ఆగు" అని కండక్టర్‌లా చెప్తున్నాడు, ఎదురొచ్చి చెయ్యెత్తిన ప్రతి డ్రైవర్‌కీ తిరిగి నమస్కారం పెట్టాడు.

గ్లెనెల్గ్ ఫెర్రీ మాత్రం మాటల్లేవు. కార్లు పక్క నుంచి ఎక్కాక పైనున్న డెక్కు మొత్తాన్ని మనుషులే చేతుల్తో తోసి తిప్పుతారు, మోటార్ లేదు ఏం లేదు. నాన్న కారు దిగి రెయిలింగ్ పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. "మన నరసాపురం రేవులో పంటు మీద సఖినేటిపల్లి వెళ్ళినట్టే ఉందిరా, కానీ మన పంటు ఇలా తిరగదు" అన్నాడు. అవతల ఒడ్డు వచ్చేసింది, ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు, వెనక కారువాళ్ళ కోసం మేం పిలవాల్సొచ్చింది.

స్టోర్ ఉన్నన్ని రోజులూ కనపడలేదు, పూర్తిగా మబ్బులోనే. నాన్న పోర్ట్‌రీలో ఒక పోస్ట్‌కార్డ్ కొని, దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి భీమవరం ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేశాడు. అందరూ సూపర్ అన్నారు.