పాత మారుతి 800కు వేరే మోడల్ చక్రాలు: జెన్‌వి సరిపోతాయా, స్విఫ్ట్‌వి సరిపోతాయా?

గుంటూరు800:
నా 2004 నాటి మారుతి 800కు రెండు డిస్కుల (టైరు ఎక్కించే ఇనుప చక్రాల) అంచులు తుప్పు పట్టి గాలి నిలవడం లేదు. విజయవాడ ఆటోనగర్‌లో పాత జెన్ 13 అంగుళాల డిస్కులు, స్విఫ్ట్ 14 అంగుళాల డిస్కులు సెట్లుగా దొరుకుతున్నాయి. స్విఫ్ట్‌వి కొత్తవాటిలా ఉన్నాయి, ధర కూడా తక్కువే. రెండింటికీ నాలుగేసి రంధ్రాలే కాబట్టి ఏవైనా పట్టేస్తాయని దుకాణదారు అంటున్నారు. ఇలా మార్చుకున్నవారు తమ అనుభవం చెప్పగలరు.

బెజవాడ గ్యారేజి:
రంధ్రాలు ఎన్ని అన్నదాని కంటే అవి ఎంత వ్యాసం గల వృత్తం మీద ఉన్నాయన్నది ముఖ్యం. దాన్నే పీసీడీ అంటాము. 800కు, పాత జెన్‌కు అది 114.3 మిల్లీమీటర్లు, స్విఫ్ట్‌కు 100. స్విఫ్ట్ డిస్కు మీ హబ్ (డిస్కును బిగించే ఇరుసు చివరి భాగం) మీద కూర్చోనే కూర్చోదు. దుకాణంలోనే స్కేలు పెట్టి చూసుకోండి: ఒక రంధ్రం ఎడమ అంచు నుంచి దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న రంధ్రం ఎడమ అంచు వరకు కొలిస్తే కేంద్రాన్ని వెతుక్కునే అవసరం ఉండదు.

అసలు ప్రమాదం దగ్గర దగ్గర కొలతలతో వస్తుంది. ఫియట్ పాలియోది 98, స్విఫ్ట్‌ది 100. రెండు మిల్లీమీటర్ల తేడాను నట్లు బిగించే గన్‌తో బలంగా బిగించి కప్పేస్తారు, నట్టు ఏటవాలుగా కూర్చుంటుంది, కొంత దూరం తిరిగాక వదులవుతుంది.

వరంగల్ వాహనదారు:
హబ్‌కూ డిస్కుకూ మధ్య అడాప్టర్ ప్లేటు వేస్తే స్విఫ్ట్‌వి కూడా పడతాయని మా ఊళ్లో చెబుతున్నారు. ఎవరైనా వాడారా?

బెజవాడ గ్యారేజి:
ప్లేటు ఎంత మందం ఉంటే చక్రం అంత బయటికి వస్తుంది, ఆ మేరకు బేరింగు మీద బరువు పెరుగుతుంది, స్టీరింగు బిగుస్తుంది. అదంతా భరించినా టైరు పట్టదు. 800 అసలు టైరు 145/70 ఆర్12 (145 మిల్లీమీటర్ల వెడల్పు, పక్క ఎత్తు అందులో 70 శాతం, 12 అంగుళాల డిస్కు) ఎత్తు సుమారు 508 మిల్లీమీటర్లు. స్విఫ్ట్ 165/80 ఆర్14 ఎత్తు దాదాపు 620. అంత టైరుకు ఆ మడ్‌గార్డు లోపల చోటెక్కడిది?

నెల్లూరు నుంచి:
నా 800కు జెన్ డిస్కుల మీద 145/70 ఆర్13 టైర్లు వాడుతున్నాను. ఎత్తు 533 మిల్లీమీటర్లు, అంటే అసలుదాని కంటే 5 శాతం ఎక్కువ. మీటరు 80 చూపిస్తున్నప్పుడు బండి నిజంగా 84 దగ్గర ఉంటుంది. బండి పన్నెండు, పదమూడు మిల్లీమీటర్లు పైకి లేవడం వల్ల స్పీడు బ్రేకర్ల దగ్గర కింద తగలడం తగ్గింది, హైవే మీద ఇంజను శబ్దం కాస్త తక్కువ. కానీ 796 సీసీ ఇంజను కావడంతో నలుగురు కూర్చున్నప్పుడు ఫ్లైఓవరు ఎక్కాలంటే ఇదివరకటి కంటే ముందే గేరు తగ్గించాల్సి వస్తోంది. ఇంతకంటే వెడల్పు టైర్లు మాత్రం వేయవద్దని నా సలహా. పవర్ స్టీరింగు లేని బండిని ఇరుకు సందులో తిప్పేటప్పుడు ఆ అందం చేతులకు తెలుస్తుంది. బిగించాక వెనక సీట్లో మనుషులను కూర్చోబెట్టి, స్టీరింగును రెండు వైపులా చివరి వరకు తిప్పి, టైరు ఎక్కడైనా రాసుకుంటోందేమో చూడండి.

సికింద్రాబాద్ స్పేర్స్:
నట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మారుతి బోల్టు మర 12x1.25 (12 మిల్లీమీటర్ల బోల్టు, మర చుట్ల మధ్య 1.25 మిల్లీమీటర్ల దూరం), హోండా, హ్యుందాయ్‌లది 12x1.5. చూడటానికి రెండూ ఒకటే. తప్పు నట్టు ఒకటి రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది, అప్పుడు గన్ పెడితే బోల్టు మర చెడుతుంది. ఒక టైర్ల దుకాణంలో నా బండికి జరిగింది ఇదే. అందుకే ప్రతి నట్టునూ ముందు వేళ్లతో తిప్పిస్తాను. చేతితో సాఫీగా లోపలికి వెళ్లనిదాన్ని పానా ముట్టుకోకూడదు. ఇంకొకటి, నాలుగు చక్రాలు 13 అంగుళాలు అయి స్టెప్నీ 12 అంగుళాలే ఉంటే, దాన్ని ముందు వేసుకుని దూరం పోవద్దు. ముందు చక్రాలే బండిని లాగుతాయి కాబట్టి, ఎత్తుల తేడా వల్ల తిన్నటి రోడ్డు మీద కూడా డిఫరెన్షియల్ (రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఆగకుండా పనిచేస్తూనే ఉంటుంది.

కాకినాడ పాఠకుడు:
చట్టం సంగతి కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను వాహనంలో మార్పుల గురించినదే. తయారీదారు అసలు నిర్దేశానికి భిన్నంగా మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. బీమా కంపెనీకి ముందే రాసి, జవాబు తీసుకోవడం మంచిది.

నెల్లూరు నుంచి:
గుంటూరు గారూ, పాడైనవి రెండే కదా? 800వే రెండు మంచి 12 అంగుళాల డిస్కులు తీసుకుంటే ఉన్న టైర్లే ఎక్కించుకోవచ్చు, మీటరు తేడా రాదు, స్టెప్నీ గొడవ ఉండదు. నేను మార్చింది నాలుగు టైర్లూ ఒకేసారి అరిగిపోయాయి కాబట్టి.

గుంటూరు800:
అందరికీ ధన్యవాదాలు. స్కేలు పట్టుకెళ్లి కొలిచాను. స్విఫ్ట్‌ది సరిగ్గా 100 వచ్చింది. 800వే రెండు డిస్కులు అదే వీధిలో దొరికాయి. నేల మీద దొర్లించి వంకర లేదని చూసుకుని తీసుకున్నాను. రేపు బ్యాలెన్సింగు చేయిస్తాను. నట్లు వంద కిలోమీటర్లలోపే మళ్లీ బిగించాలా, లేక తర్వాత చూసినా సరిపోతుందా?

బెజవాడ గ్యారేజి:
యాభై దాటగానే ఒకసారి చూడండి. బండిని జాకీ మీద నుంచి పూర్తిగా దించాక, ఎదురెదురు నట్లు వరుసగా బిగించండి.