హాఫ్‌టైమ్‌లో మ్యాచ్‌ను తిప్పేది కోచ్ మాటలా, బోర్డు మీది గీతలా?

ఎడమ వింగ్

ఫుట్‌బాల్‌లో ఒక జట్టు వెనకబడి గెలిచిందంటే చాలు, మర్నాడు అదే కథ చదువుతాం. విరామంలో కోచ్ గర్జించాడట, ఆటగాళ్లలో పౌరుషం పొంగిందట, ద్వితీయార్ధంలో వేరే మనుషులై వచ్చారట. ఈ కథను నేను నమ్మను. మ్యాచ్‌ను తిప్పేది ఎవరు ఎక్కడ నిలబడాలో కోచ్ బోర్డు మీద గీసి చూపే నిర్ణయమే. మిగతాదంతా ఆ తర్వాత మనం అల్లుకునేది.

అందరూ ఉదాహరణగా చూపే మ్యాచ్‌నే తీసుకుంటాను. 2005 మే 25, ఇస్తాంబుల్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. మొదటి నిమిషంలోనే మాల్దీని గోల్‌తో ఏసీ మిలాన్ ముందుకెళ్లింది. విరామానికి ముందు క్రెస్పో మరో రెండు కొట్టాడు. లివర్‌పూల్ 0-3. ఆ ప్రథమార్ధం మళ్లీ చూడండి. లివర్‌పూల్ మిడ్‌ఫీల్డ్‌కూ డిఫెన్స్‌కూ మధ్య ఉన్న ఖాళీలో మిలాన్ ఆటగాడు కకా ఎంత తీరిగ్గా బంతి అందుకుంటున్నాడో తెలుస్తుంది. అతన్ని పట్టుకునే మనిషే లేడు. లివర్‌పూల్ మిడ్‌ఫీల్డర్లు జెరార్డ్, అలోన్సో ఇద్దరూ ముందుకూ వెనక్కూ పరుగులు తీసి అలిసిపోతున్నారు.

విరామంలో కోచ్ రఫా బెనిటెజ్ రైట్ బ్యాక్ ఫినన్‌ను తీసి మిడ్‌ఫీల్డర్ హామన్‌ను దింపాడు. వెనక నలుగురి బదులు ముగ్గురయ్యారు. కకాను కాచుకునే పని హామన్‌ది. దాంతో జెరార్డ్‌కు ముందుకు వెళ్లే స్వేచ్ఛ దొరికింది. 54వ నిమిషంలో అతని హెడర్, 56లో ష్మిట్సర్ గోల్, 60లో పెనాల్టీని మిలాన్ గోల్‌కీపర్ దీదా ఆపితే తిరిగొచ్చిన బంతిని అలోన్సో లోపలికి కొట్టాడు. 3-3. చివరికి పెనాల్టీల్లో లివర్‌పూల్ గెలిచింది. హామన్‌ను బెంచీ మీదే ఉంచి బెనిటెజ్ ప్రపంచంలోకెల్లా గొప్ప ప్రసంగం చేసినా, నాలుగో గోల్ మిలాన్‌దే అయ్యేదని నా నమ్మకం. కాదనేవారు చెప్పండి.

స్కూల్ కోచ్

ఎడమ వింగ్ గారూ, మీరు చెప్పిన గదిలోనే మీరు వదిలేసిన మనిషి ఒకడున్నాడు. లివర్‌పూల్ డిఫెండర్ జిమీ ట్రావోరే. బెనిటెజ్ మొదట తీసేసింది అతన్ని. స్నానానికి వెళ్లమన్నారు, అతను బూట్లు కూడా విప్పాడు. అంతలో ఫినన్ గాయంతో ఎక్కువసేపు ఆడలేడని ఫిజియో చెప్పడంతో ట్రావోరేను మళ్లీ బూట్లు వేసుకోమన్నారు. ఆ హడావిడిలో ఒక దశలో బోర్డు మీద పన్నెండు మంది తేలారని కూడా చెబుతారు. అంటే మీరు నమ్ముకున్న బోర్డు ఆ పావుగంటలో అంత నిలకడగా ఏమీ లేదు.

ఇప్పుడు ట్రావోరే మనసు ఆలోచించండి. ఫైనల్లో మూడు గోల్స్ వెనక. నీ అవసరం లేదన్నారు. నిమిషం గడవకముందే ఉందన్నారు. అలాంటివాడు ద్వితీయార్ధంలో మిలాన్ ఆటగాడు షెవ్‌చెంకో కొట్టిన బంతిని గోల్ గీత మీద నిలబడి బయటికి కొట్టాడు. ఆ గోల్ పడి ఉంటే హామన్ కథ ఈరోజు ఎవరూ చెప్పరు. ఒకణ్ని అలాంటి స్థితి నుంచి లేపి మైదానంలోకి పంపడం మాటలతో అయ్యే పని, ఎదుట నిలబడిన మనిషి గొంతుతో అయ్యే పని. గోడల అవతల నుంచి లివర్‌పూల్ అభిమానుల పాట కూడా ఆ గదిలోకి వినిపించింది.

మా జిల్లా టోర్నమెంట్లలో డ్రెస్సింగ్ రూమ్ అనేది ఉండదు. వేపచెట్టు నీడ, నీళ్ల క్యాను, నిమ్మచెక్కలు. పిల్లలు వచ్చి కూర్చోగానే వాళ్ల మొహాలు చూస్తాను. తల వంచుకున్న పిల్లవాడికి ‘నువ్వు ఇంకో నాలుగడుగులు లోపలికి జరుగు’ అంటే వినపడదు. ముందు వాడు తల ఎత్తాలి. బోర్డు ఆ తర్వాత.

ఎడమ వింగ్

ట్రావోరే మాట మంచిది, కాదనను. కానీ గెలిచిన ప్రసంగాలే మనకు గుర్తుంటాయన్నది మరిచిపోకండి. 1999 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ విరామంలో మాంచెస్టర్ యునైటెడ్ కోచ్ అలెక్స్ ఫెర్గూసన్ తన ఆటగాళ్లతో, ఓడిపోతే కప్పు మీకు ఆరడుగుల దూరంలోనే ఉంటుంది కానీ చేత్తో తాకలేరు అన్నాడని అందరూ చెప్పుకుంటారు. గొప్ప మాటే. అయితే యునైటెడ్ 90వ నిమిషం దాకా 0-1 వెనకే ఉంది. 90 నిమిషాలు దాటాక ఇంజూరీ టైమ్‌లో గోల్స్ కొట్టి గెలిపించిన షెరింగ్‌హామ్, సోల్షార్ ఇద్దరూ సబ్‌స్టిట్యూట్లు. ఆ మాట అంత పనిచేస్తే బంతి లోపలికి వెళ్లడానికి 45 నిమిషాలు ఎందుకు పట్టింది?

ఇక పనిచేయని ప్రసంగం కూడా చూద్దాం. 2008 డిసెంబర్ 26. మాంచెస్టర్ సిటీ మీద విరామానికి 0-4తో ఉన్న హల్ సిటీ ఆటగాళ్లను కోచ్ ఫిల్ బ్రౌన్ లోపలికి రానివ్వలేదు. మైదానంలోనే, తమ అభిమానుల ముందు నేల మీద కూర్చోబెట్టి వేలు చూపిస్తూ తిట్టాడు. మ్యాచ్ 1-5తో ముగిసింది. ఆ సీజన్‌లో ఆ తర్వాత హల్ లీగ్‌లో గెలిచింది ఒక్క మ్యాచ్. కింది లీగ్‌కు దిగజారకుండా 17వ స్థానంలో ఎలాగో నిలిచింది.

ఫిజియో

మీ ఇద్దరూ పావుగంటంతా కోచ్‌దే అన్నట్టు మాట్లాడుతున్నారు. నిబంధన ప్రకారం విరామం 15 నిమిషాలు మించకూడదు. అందులో సొరంగం దాటి గదికి రావడం, తిరిగి వెళ్లడం పోతాయి. రాగానే మూత్రశాల, తడిసిన చొక్కా మార్చుకోవడం, నీళ్లు, జెల్, చీలమండకు పట్టీ. మంచి కోచ్ ఆ మొదటి నిమిషాల్లో నోరు విప్పడు. పక్క గదిలో సహాయకులతో, వీడియో విశ్లేషకుడితో మాట్లాడుకుంటాడు. ఆటగాడి గుండె వేగం తగ్గకముందు చెప్పింది నిలవదు. తర్వాత రెండు మూడు క్లిప్పులు చూపించి, రెండు మూడు విషయాలు చెబుతారు. జట్టు మొత్తానికి మాట్లాడే సమయం చివరికి నాలుగైదు నిమిషాలే మిగులుతుంది.

ఎవరూ పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది. పావుగంట కదలకుండా కూర్చుంటే తొడ కండరాల ఉష్ణోగ్రత దాదాపు రెండు డిగ్రీలు పడిపోతుంది. స్ప్రింట్ వేగం తగ్గుతుంది. చివర్లో కొన్ని నిమిషాలు తేలికగా కదిలితే ఆ నష్టం చాలావరకు తప్పుతుందని పరిశోధనలు చూపించాయి. విరామాన్ని 25 నిమిషాలకు పెంచాలని దక్షిణ అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2021లో అడిగినప్పుడు వచ్చిన అభ్యంతరం కూడా ఆటగాళ్ల శరీరం గురించే. ప్రసంగం సాగదీసి పిల్లల్ని కండరాలు చల్లబడ్డాక పరుగెత్తించే కోచ్‌లను చూస్తే నాకు కోపం వస్తుంది.

గ్యాలరీ

ఇంతసేపు ఇంగ్లండ్, ఇటలీ అంటున్నారు, అప్పటి భారత జట్టు కోచ్, మన హైదరాబాద్ రహీం సాబ్‌ను ఎవరూ తలచుకోరా? 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీఫైనల్లో గోల్, ఫైనల్లో దక్షిణ కొరియా మీద గోల్. 2-1తో స్వర్ణం. ఒకవైపు బోర్డు మీద మార్పు, మరోవైపు ఆ మనిషి మీద నమ్మకం. ఏది ఎక్కువో మీరే చెప్పండి.

ఎడమ వింగ్

గ్యాలరీ గారూ, అది విరామంలో తీసుకున్న నిర్ణయం కాదు, మ్యాచ్‌కు ముందే తీసుకున్నది. రహీం సాబ్ మీద గౌరవం ఎంతైనా ఈ చర్చకు అది సాక్ష్యం కాదు.

ఆఫ్‌సైడ్ గీత

గోడల మధ్య నిజంగా ఏం జరిగిందో ఆటగాళ్ల జ్ఞాపకాల మీద ఆధారపడక్కర్లేని మ్యాచ్‌లు రెండున్నాయి. రెండూ 2022 ఖతార్ ప్రపంచ కప్‌లోవే. రెండింట్లోనూ విరామం వీడియో బయటికొచ్చింది.

మొదటిది నవంబర్ 22, సౌదీ అరేబియా, అర్జెంటీనా. అర్జెంటీనా అప్పటికి 36 మ్యాచ్‌లుగా ఓడలేదు. మెస్సీ పెనాల్టీతో 1-0, మరో మూడు గోల్స్ ఆఫ్‌సైడ్‌గా కొట్టేశారు. విరామానికి ముందే సౌదీ కెప్టెన్ అల్ ఫరాజ్ గాయంతో వెళ్లిపోయాడు. గదిలో కోచ్ హెర్వే రెనార్ మండిపడ్డాడు. మెస్సీ మిడ్‌ఫీల్డ్‌లో బంతితో ఉంటే మీరు చూస్తూ నిలబడ్డారు, కావాలంటే ఫోన్లు తెచ్చుకుని అతనితో ఫొటో దిగండి అన్నాడు. 48లో అల్ షెహ్రీ, 53లో అల్ దౌసరీ గోల్స్ కొట్టారు. 2-1తో సౌదీ గెలిచింది.

అందరూ ఆ ఫొటో మాటే చెప్పుకుంటారు. నాకు మాత్రం అది తిట్టులా వినిపించదు. మెస్సీ దగ్గరికి వెళ్లండి, ఖాళీ ఇవ్వకండి అన్నదే అందులోని ఆదేశం. చాలా ముందుకు జరిగి నిలబడిన డిఫెన్స్ గీతను రెనార్ మార్చలేదు. ఉన్న పథకాన్నే ధైర్యంగా ఆడమన్నాడు. ఎడమ వింగ్ గారి బోర్డు ఇక్కడ ఏం వివరిస్తుంది?

రెండోది డిసెంబర్ 18 ఫైనల్. అర్జెంటీనా మీద విరామానికి ఫ్రాన్స్ 0-2. ప్రథమార్ధంలో ఒక్క షాట్ లేదు. కోచ్ దెషాంప్ విరామం దాకా ఆగలేదు, 41వ నిమిషంలోనే జిరూ, దెంబెలేలను తీసి కోలో ముఆనీ, తురామ్‌లను దింపాడు. విరామంలో ఎంబాపె లేచి, ఇది జీవితకాలంలో ఒక్కసారి వచ్చే మ్యాచ్, ఇంతకంటే ఘోరంగా ఆడలేం అని సహచరులను నిలదీశాడు. వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. తర్వాత? దాదాపు 70వ నిమిషం దాకా ఏమీ లేదు. 71లో కోమాన్, కమవింగా వచ్చారు. 80లో పెనాల్టీ తెచ్చింది కోలో ముఆనీ. మరుసటి నిమిషంలో మెస్సీ కాళ్ల నుంచి బంతి లాక్కున్నది కోమాన్, ఎంబాపెకు పాస్ ఇచ్చింది తురామ్. ఎంబాపె అన్నదాంట్లో ఎవరు ఎక్కడికి కదలాలన్నది లేదు. రెనార్ అన్నదాంట్లో ఉంది. నాకు కనిపించే తేడా ఇదే.

స్కూల్ కోచ్

ఎంబాపె కోచ్ కాడు, సహచరుడు. అతని పని కదలికలు చెప్పడం కాదు. 80వ నిమిషంలో ప్రపంచ కప్ ఫైనల్ పెనాల్టీ కొట్టడానికి, వెంటనే గాల్లో ఉన్న బంతిని వాలీ కొట్టడానికి ఆ గుండె ఎక్కడిదో అడగండి. అది విరామంలో లేచి నిలబడిన ఆ మనిషిలోనే ఉంది.

ఫిజియో గారి మాట మాత్రం మా పిల్లల మీద ఈ వారమే పెడతాను. ఎండలో ఆడి వచ్చినవాళ్లను ముందు నీళ్లు తాగనిస్తాను, చివర్లో లేపి కదిలిస్తాను. తల్లిదండ్రులను చెట్టు దగ్గరికి రానివ్వను. నలుగురు నాలుగు రకాలుగా అరిచాక నా మాటకు చోటెక్కడ?

ఎడమ వింగ్

రెనార్ ఉదాహరణకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. పథకం మారకుండా జట్టు మారిందన్నది నిజమే. అయినా అది మెస్సీని ఎవరు, ఎక్కడ పట్టుకోవాలన్న మాట కాబట్టి నా లెక్కలోనే వేసుకుంటాను. మారిన ఆటగాడు, మారిన స్థానం, మారిన కాపలా ఏదీ లేకుండా, కేవలం ఉద్వేగంతో తిరిగిన మ్యాచ్ ఒక్కటి చూపించండి. స్కోరుతో, నిమిషాలతో. అప్పుడు ఒప్పుకుంటాను.

గ్యాలరీ

2001 సెప్టెంబర్, టాటెన్‌హామ్ మైదానం వైట్ హార్ట్ లేన్. టాటెన్‌హామ్ విరామానికి 3-0. మాంచెస్టర్ యునైటెడ్ 5-3తో గెలిచింది, మొదటి గోల్ ద్వితీయార్ధం మొదలైన నిమిషంలోనే కోల్ కొట్టాడు. రాత్రికి ఆ మ్యాచ్ మళ్లీ చూసి, విరామంలో ఎవరు దిగారో, ఎవరు ఎక్కడికి జరిగారో రాసిపెడతాను. అప్పటిదాకా తీర్పు ఇవ్వకండి.