హత్య కేసులో పోగు ఒక్కటే ఆధారమైతే శిక్ష వేయవచ్చా?

ఓరుగల్లు వకీలు:
నిందితుడి చొక్కాకు అంటిన పోగులు మృతుల ఒంటిమీది బట్ట పోగులతో సరిపోయాయని ల్యాబ్ నివేదిక రాగానే, ఇక కేసు తేలిపోయినట్టే చాలామంది మాట్లాడుతున్నారు. దీనితో నేను ఏకీభవించను. పోగు ఫలానా రకం బట్ట నుంచి వచ్చి ఉండవచ్చని మాత్రమే చెబుతుంది, ఫలానా మనిషి బట్ట నుంచే వచ్చిందని చెప్పదు. బతుకమ్మ చీరలనే తీసుకోండి. సిరిసిల్ల మరమగ్గాల మీద పాలిస్టర్ నూలుతో నేసిన ఆ చీరలను 2017 నుంచి కొన్నేళ్లపాటు ప్రభుత్వం ఏటా కోటికి అటూ ఇటూగా పంచింది. అలాంటి చీర పోగు ఒకరి చొక్కా మీద దొరికితే, అది హనుమకొండ నుంచి కరీంనగర్ పోయే బస్సు సీటు నుంచి అంటిందా, నేరస్థలంలోనే అంటిందా అన్నది ఏ మైక్రోస్కోపు చెప్పగలదు?

ల్యాబ్ కోటు:
వకీలు గారూ, నేను పదవీ విరమణ దాకా ఈ పనే చేశాను. మైక్రోస్కోపు కింద పత్తి పోగు చదునుగా, మెలికలు పడి కనిపిస్తుంది. పాలిస్టర్ పోగు మొదటి నుంచి చివరి దాకా ఒకే మందంతో నున్నగా ఉంటుంది, మెరుపు తగ్గించడానికి కలిపిన టైటానియం డయాక్సైడ్ రేణువులు అందులో నల్లని చుక్కలుగా కనిపిస్తాయి. ఆ తరువాత రంగును మైక్రోస్పెక్ట్రోఫోటోమీటర్‌తో, అంటే పోగు రంగు ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే పరికరంతో పరీక్షిస్తే, కంటికి ఒకే ఎరుపుగా తోచే రెండు పోగులు చాలాసార్లు అక్కడ విడిపోతాయి. 1982లో అమెరికాలోని అట్లాంటాలో వేన్ విలియమ్స్‌కు ఇద్దరి హత్య కేసులో శిక్ష పడటానికి ప్రధాన ఆధారం పోగులే. అతని ఇంట్లోని ఆకుపచ్చ కార్పెట్ నైలాన్ పోగును అడ్డంగా కోసి చూస్తే మూడు అంచుల అరుదైన ఆకారం బయటపడింది. అలాంటి కార్పెట్ ఆ నగర ప్రాంతంలో 7,792 ఇళ్లకు ఒక ఇంట్లోనే ఉండే అవకాశం ఉందని నిపుణులు లెక్కగట్టారు.

జమ్మికుంట రైతుబిడ్డ:
జీన్స్ నీలి పోగుకు, తెల్ల నూలు పోగుకు ఏమైనా విలువ ఉంటుందా సార్?

ల్యాబ్ కోటు:
దాదాపు ఉండదు. అవి ఎక్కడ చూసినా దొరుకుతాయి.

కొత్తవాడ మగ్గం:
వకీలు సాబ్, సిరిసిల్ల చీరను చూపించి అన్ని బట్టలనూ ఒకే గాటన కట్టవద్దు. మా వరంగల్ కొత్తవాడ దర్రీ (నేల మీద పరిచే జంపఖానా) నూలును చేత్తో అద్దుతాం. ఒకే తొట్టిలో ముంచిన చిలపల్లో (నూలు కట్టల్లో) కూడా పైదానికీ అడుగుదానికీ ఛాయలో తేడా వస్తుంది. మా దర్రీ పోగు దొరికితే అది ఏ అద్దకానిదో వెతికి పట్టుకోవచ్చు.

ఓరుగల్లు వకీలు:
అన్నా, మీరు చెప్పినది నాకే పనికివస్తుంది. ఒకే దర్రీలో రెండు ఛాయలు ఉన్నప్పుడు, ఛాయ కలిసిందని గానీ కలవలేదని గానీ సాక్ష్యం ఎలా ఇస్తారు? ల్యాబ్ సారు చెప్పిన 7,792 అన్న అంకె కూడా కార్పెట్ అమ్మకాల మీద వేసిన అంచనాయే. పోగు పరీక్ష బట్ట రకాన్ని తేల్చగలదే తప్ప ఫలానా ఒక్క బట్టను తేల్చలేదని అమెరికా జాతీయ సైన్సు అకాడమీ 2009 నివేదికలోనే ఉంది.

కొత్తవాడ మగ్గం:
ఛాయ తేడా ఉన్నంత మాత్రాన గుర్తుపట్టలేమని ఎవరన్నారు? అద్దినవాడు తన తొట్టిని గుర్తుపడతాడు.

ల్యాబ్ కోటు:
విలియమ్స్ కేసు ఒక్క రకం పోగుతో నిలవలేదు. పడక మీది దుప్పటి పోగులు, కారు కార్పెట్ పోగులు, కుక్క వెంట్రుకలు అన్నీ కలిసి మృతదేహాల మీద దొరికాయి. అన్ని రకాలూ ఒకేచోట యాదృచ్ఛికంగా కలవడం కష్టం. ఒక్క పోగును పట్టుకుని వాదించడం సరికాదు.

పరకాల ఆడపడుచు:
ఇంతసేపూ పోగు విలువ గురించే మాట్లాడుతున్నారు. మా అక్క హత్య జరిగిన వారం తరువాత నిందితుడి చొక్కాను అతని ఇంటి దండెం మీది నుంచి, ఉతికి ఆరేసినదాన్ని తెచ్చి సీజ్ చేశారు. పోగులు దొరకలేదని నివేదిక వచ్చింది, కేసు కొట్టేశారు. మీలాంటి వకీళ్లు అనుమానం ఉందంటే చాలు, నిందితుడు ఇంటికి పోతున్నాడు.

ల్యాబ్ కోటు:
తొడుక్కుని తిరిగే బట్ట మీది పోగుల్లో దాదాపు 80 శాతం మొదటి నాలుగు గంటల్లోనే రాలిపోతాయని బ్రిటన్ పరిశోధకులు 1975లోనే చూపించారు. ఉతికిన తరువాత దొరకకపోవడం నిర్దోషిత్వానికి రుజువు కాదమ్మా.

ఓరుగల్లు వకీలు:
"మీలాంటి వకీళ్లు" అన్నారు కనుక చెబుతున్నాను. మా మేనల్లుడి చొక్కానూ మృతుడి దుప్పటినీ ఒకే ప్లాస్టిక్ సంచిలో కుక్కి పంపారు. చొక్కా మీద దుప్పటి పోగులు దొరికాయని నివేదిక వచ్చింది. దొరకక ఏం చేస్తాయి? బెయిలు రాక ఆ పిల్లవాడు నెలల తరబడి జైల్లో ఉన్నాడు. ప్రత్యక్ష సాక్షులు లేక పరిస్థితుల సాక్ష్యం మీదే నడిచే కేసులో, ఆ సాక్ష్యాల గొలుసులో ఏ లంకె తెగినా శిక్ష వేయరాదని సుప్రీంకోర్టు 1984లో శరద్ బిర్ధీచంద్ సార్దా కేసులో చెప్పింది. ఆ మాట మా ఇంటికి అప్పుడు గుర్తొచ్చింది.

ల్యాబ్ కోటు:
మీ ఇద్దరి కేసులనూ చెడగొట్టింది ల్యాబ్ కాదు, బట్టలను సేకరించిన తీరు. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడే స్థలానికి రావాలని 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 176(3) చెబుతున్నది.

పరకాల ఆడపడుచు:
వారు రాకపోతే, లేదా ఆలస్యంగా వస్తే, ఆ తప్పు ఎవరి మీద పడాలి? నేను అడుగుతున్నది అదొక్కటే.

ఓరుగల్లు వకీలు:
ప్రభుత్వం మీద పడాలి. నిందితుడి మీద పడకూడదు.

పరకాల ఆడపడుచు:
ప్రభుత్వం మీద పడటం నేను చూడలేదు. మా అమ్మ మీద పడింది. చొక్కాను ఉతికేదాకా ఎందుకు ఆగారని ఆ అధికారిని బోనులో ఎవరూ అడగలేదు.

ఓరుగల్లు వకీలు:
అది అడగవలసింది ప్రాసిక్యూటర్. నేను నిందితుడి తరఫున నిలబడితే అడగను, అది నా ధర్మం కాదు. ఒకే సంచిలో ఎందుకు పెట్టారని మాత్రం ప్రతి కేసులోనూ అడుగుతాను.

ల్యాబ్ కోటు:
ఆ రెండు ప్రశ్నలకూ జవాబు పంచనామాలోనే ఉండాలి. శవాన్ని కదిలించక ముందే టేపుతో పోగులు ఎత్తారా, ప్రతి బట్టనూ విడివిడిగా కాగితపు కవర్లో పెట్టారా, ఏ గంటకు సీజ్ చేశారు అన్నవి రాసి ఉంటే ప్రాసిక్యూటర్ గానీ వకీలు గారు గానీ ఆ కాగితం పట్టుకునే అడగవచ్చు. సీజ్ చేసిన వేళ కూడా రాయని పంచనామాలు నా బల్ల మీదికి చాలా వచ్చాయి.