టానో కవర్‌ని తెలుగులో ఏమందాం? తొడుగా, ముసుగా, వాసెనా?

ప్రశ్న: ఎం.జి.బి. రోడ్‌స్టర్ లాంటి, టాపు తీసేసి నడిపే పాత స్పోర్ట్స్ కార్లకు, సీట్ల మీద అడ్డంగా బిగించే గుడ్డ ఒకటి ఉంటుంది. ఇంగ్లీషులో టానో కవర్. ఒక అనువాదంలో ‘కారు తొడుగు’ అని రాశారు. సరేనా?

సమాధానం: సరిపోదండి. ‘తొడగడం’ అంటే లోపలికి దూర్చడం: చొక్కా, గాజులు, ఉంగరం. కారు మొత్తాన్నీ లోపలికి తీసుకునే కవరుకైతే ‘తొడుగు’ చెల్లుతుంది. ఇంకా అందంగా కావాలంటే ‘గవిసెన’, వీణకు వేసేది. టానో కవర్‌లో కారు దూరదు. తెరిచి ఉన్న నోటిని అది మూస్తుంది, అంతే.

మరొకరు: అయితే ‘వాసెన’ అనండి. ఊరగాయ జాడీ మూతికి కట్టే గుడ్డ. వాసెనపోలి వండేటప్పుడు గిన్నె మీద లాగి కట్టేదీ అదే. పైగా ఫ్రెంచిలో ‘టానో’ అంటే పీపా. తొలినాళ్ల కార్లలో వెనక సీట్ల అర గుండ్రంగా పీపాలా ఉండేది కాబట్టి దానికా పేరు. పీపా నోటికి వాసెన కాక ఇంకేం కడతాం?

అభ్యంతరం: వాసెనకు చుట్టూ తాడు ఉంటుంది. దీనికి టిచ్ బటన్లు, మధ్యలో జిప్పు.

సమాధానం: ఉండనీండి, పని తీరు ఒకటే. గుడ్డను అంచున పట్టి బిగువుగా లాగడం. జిప్పు ఎందుకంటే డ్రైవరు వైపు సగం విప్పి, పక్క సీటు మూసే ఉంచి నడపొచ్చని. స్టీరింగు కోసం ఒక పక్క ఉబ్బు కుడతారు కాబట్టి, కొనేటప్పుడు కుడిచేతి బండా, ఎడమచేతి బండా చెప్పాల్సిందే. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో తయారైన ఈ బండ్లు చాలా అమెరికా వెళ్లాయి. అక్కడి కాటలాగులో చూస్తే ఎడమచేతిదే వచ్చి పడుతుంది. ‘హుడ్’ అని రాసినా అంతే: బ్రిటన్‌లో టాపు, అమెరికాలో బానెట్. హెడ్‌రెస్టులున్న సీట్లకు వాటి ఉబ్బులు వేరే.

ప్రశ్న: బిగించే పనికి ఏ క్రియలు వాడాలి? వరస కూడా చెప్పండి.

సమాధానం: ముందు ‘ఆరబెట్టడం’ కాదు, ‘కాగనివ్వడం’. మడతలు పడిన వినైల్‌ను (ఈ కవరు గుడ్డ అదే, ప్లాస్టిక్ రకం) ఓ గంట ఎండలో పరిస్తే మెత్తబడుతుంది. తర్వాత నీడకు తెచ్చి పని మొదలుపెట్టాలి. మొదటి బటన్ వెనక అంచు నడిమధ్యన. రెండోది ముందు డ్యాష్‌బోర్డు పైన, మధ్యలో. అక్కణ్నుంచి మూలలకు, ఒకసారి అటు, ఒకసారి ఇటు. స్టడ్డు (బటన్ పట్టుకునేందుకు కారుకు ఉండే బొడిపె) కొసకు సుద్దపొడి అద్ది గుడ్డను పైనుంచి నొక్కితే అడుగున చుక్క పడుతుంది. అక్కడే రంధ్రం. ఒకటి బిగించి, లాగి చూశాకే రెండోది. అన్నీ ఒకేసారి గుర్తుపెట్టి కొడితే గుడ్డ మెలిపడి, ఆఖరి మూల వేలెడు దూరం ఆగిపోతుంది.

మరొకరు: ‘బిగువు’ గురించి ఒక మాట. మండుటెండలో డప్పు చర్మంలా లాగి బిగిస్తే, చలికాలపు పొద్దున బటన్ స్టడ్డును అందుకోదు. వినైల్ ముడుచుకుంటుంది మరి. అరచేత్తో నొక్కితే కొంచెం దిగేంత వదులు ఉండాలి. జిప్పు పళ్లకు కొవ్వొత్తి మైనం రుద్దండి, నూనె వద్దు, దుమ్ము పట్టేస్తుంది.

ప్రశ్న: వానకు ఆగుతుందా?

సమాధానం: ఆగదు. నడుమ గుంటపడి నీళ్లు నిలుస్తాయి, జిప్పు కుట్టులోంచి కారతాయి. వానకు టాపు వేసి, దాని మీద గాలాడే కవరు కప్పాలి. బరకం (టార్పాలిన్, పరదా అనేవాళ్లూ ఉన్నారు) కప్పితే లోపల చెమ్మ చేరి పెయింటు పొక్కులొస్తుంది. దుమ్ము కడగకుండా కప్పితే గాలికి కవరు ఊగి గరుకుకాగితంలా గీస్తుంది. గమనించారా, పేరుగా ‘తొడుగు’ చెల్లినా ఇక్కడ క్రియ మాత్రం ‘కప్పు’.

ప్రశ్న: వాసెనకు అలవాటైన క్రియ ‘కట్టు’. బటన్లతో ‘వాసెన బిగించు’ అనొచ్చా?

సమాధానం: అనొచ్చు. ‘విప్పు’ దగ్గరే జాగ్రత్త. పాత రకం బటన్ మూడు వైపులా పట్టుకుని, చిన్న చుక్క ఉన్న ఒక్క వైపే వదులుతుంది. ఆ వైపు వేలు పెట్టి ఎత్తాలి. వేరే వైపు లాగితే బటన్ కదలదు, గుడ్డే చిరుగుతుంది.