సమస్యాపూరణం: "గాలి లేకున్న నెగిరెను గాలిపటము"

నిర్వాహకులు: ఈ వారం సమస్య తేటగీతి పద్యపు చివరి పాదం; ఇందులోని విరోధాన్ని పరిహరిస్తూ పై మూడు పాదాలు కూర్చాలి. సంక్రాంతి సెలవులలో పిల్లలకు గాలిపటం ఎగురవేయడం నేర్పుతూ తామూ మిద్దె మీద సేదదీరే సభ్యులు మనలో చాలామంది ఉన్నారు కనుక, మాటల చమత్కారంతో సరిపెట్టక, పటం ఎగిరే తీరు తెలిసిన పూరణలను కోరుతున్నాము.

వరంగల్లు సభ్యులు:

మిత్రు డల్లంత దూరాన మింటి కెత్త
దారమును నేను చురుకుగా దరికి లాగ
లాగు వేగము తానె గాలైన వేళ
గాలి లేకున్న నెగిరెను గాలిపటము

నిర్వాహకులు: ఆర్యా, విరోధాన్ని ప్రకృతి ధర్మంతోనే పరిహరించారు. గాలి స్తంభించినప్పుడు కూడా దారాన్ని వడిగా లాగితే పటానికి ఎదురుగాలి పుడుతుంది. లాగిన దారం కాళ్ళ దగ్గర చుట్టలు పడుతుండగా పటం గజం గజం పైకి పోవడమే కొత్తగా నేర్చుకొనేవారికి మొదటి సంబరం. అయితే 'గాలి' ఏమ్యాదులలో (సంధిలో చివరి ఇకారం పోగల ఏమి, మఱి వంటి పదాలలో) చేరదు కనుక 'గాలైన' సాధువు కాదు, యడాగమమే (నడుమ 'య' చేరి 'గాలియైన' అనే రూపమే) రావాలి. "లాగు వేగమె గాలియై లాఘవముగ" అంటే దోషం తొలగి, అర్థమూ బిగుస్తుంది.

గుంటూరు సభ్యులు (క్రమాలంకారంలో):

దీప మెప్పుడు నిశ్చల దీప్తి నిచ్చు?
గువ్వ యేమి చేసెను తన గూడు విడిచి?
సంకురాతిరి నేది యా చదల నాడు?
గాలి లేకున్న – నెగిరెను – గాలిపటము

నిర్వాహకులు: మూడు ప్రశ్నలకు మూడు సమాధానాలు చక్కగా అమరాయి. పద్యం నిర్దోషమే కాని, దారం చేతపట్టిన అనుభవం ఇందులో లేదు.

సికింద్రాబాదు సభ్యురాలు:

మేడ మీదికి నెక్కి నే మెల్లమెల్ల
దారమును వేళ్ళ సందున జారవిడువ
చెట్టు కొమ్మయు కదలని చిన్న వీథిఁ
గాలి లేకున్న నెగిరెను గాలిపటము

నిర్వాహకులు: అమ్మా, రెండవ పాదం ఈ వారపు పూరణలన్నిటిలోనూ నాకు మిక్కిలి నచ్చిన పాదం. దార–జార ప్రాసయతి (యతికి బదులు రెండవ అక్షరాలు కలవడం) సహజంగా కుదిరింది. వేళ్ళ సందున దారం జారుతుంటే కలిగే హాయి గాజుపొడి పూసిన మాంజాతో దొరకదు. నైలాను మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించనే నిషేధించింది. సాదా నూలు దారాన్ని పట్టినవారే ఈ పాదం వ్రాయగలరు. కాని గాలి అందక ముందే దారం వదిలితే పటం తల వాల్చి కూలుతుంది. ఇళ్ళూ చెట్లూ అడ్డుపడి వీథిలో గాలి మందగించినా, ఎత్తుకు పోయిన కొద్దీ అది బలపడుతుంది. పటం ఆ గాలిని అందుకొన్న తరువాతనే ఢీల్ ఇవ్వాలి, అంటే దారం వదలాలి. ఈ కారణం మొదటి పాదంలో పలకాలి.

సికింద్రాబాదు సభ్యురాలు: ధన్యవాదాలండీ. మొదటి పాదాన్ని "మీద గాలిని చేరగా మెల్లమెల్ల" అని సవరించాను.

నిర్వాహకులు: ఇప్పుడు పటమూ నిలిచింది, పద్యమూ నిలిచింది. ఈ వారం ఉత్తమ పూరణగా దీనినే స్వీకరిస్తున్నాము.