అంగారకుడి రాత్రి ఆకాశం మన డాబా మీది ఆకాశం కంటే బాగుంటుందా?

డాబా_చుక్కలు:
చిన్నప్పుడు వేసవిలో డాబా మీద పడుకుంటే తెల్లవారుజామున పాలపుంత కనిపించేది. వీధిలో ఎల్‌ఈడీ లైట్లు పడ్డాక సప్తర్షులు దొరకడమే కష్టంగా ఉంది. అంగారకుడి మీద వీధి దీపాలు లేవు, గాలి ఒత్తిడి మన దాంట్లో ఒక శాతం కూడా ఉండదు. అందుకే అక్కడి ఆకాశం మనకంటే ఎన్నో రెట్లు బాగుంటుందని నా వాదన. మీరేమంటారు?

కార్తీక_రాత్రి:
నేను ఒప్పుకోను. గాలి పలచనే, కానీ అందులో ధూళి ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. తుఫాను లేని రోజున కూడా నడినెత్తి మీది చుక్క వెలుగులో మూడో వంతు దాకా అది తినేస్తుంది. దిగంతం దగ్గరైతే ఇంకా ఎక్కువ. 2018 జూన్‌లో వచ్చిన ధూళి తుఫాను పగటినే చీకటి చేసింది. అక్కడి నేల మీద ఎండతో నడిచే ఆపర్చ్యునిటీ రోవర్ బండి ఆ తర్వాత మళ్లీ పలకలేదు. ఇంకో మాట, అంత పలచని గాలిలో చుక్కలు దాదాపు మిణుకుమనవు. మిణుకుమనని చుక్కలు చూసి నాకు తృప్తి కలగదు.

ధ్రువం_వైపు:
అసలు చుక్కలేమీ మారవు కదా. సప్తర్షులు అక్కడా ఇవే, ఇదే ఆకారంలో. వెలుగు మన దగ్గర్నుంచి అంగారకుడికి చేరడానికి అరగంట కూడా పట్టదు. సూర్యుడి తర్వాత అన్నిటికంటే దగ్గరి నక్షత్రం ప్రాక్సిమాకు 4.2 సంవత్సరాలు పడుతుంది. ఆ దూరం ముందు మనం మారిన చోటు ఒక లెక్కా? 2020లో న్యూ హొరైజన్స్ అంతరిక్ష నౌక దాదాపు 700 కోట్ల కిలోమీటర్ల అవతలి నుంచి ఫొటో తీస్తే గానీ ప్రాక్సిమా కాస్త పక్కకు జరిగి కనిపించలేదు. మారేది ధ్రువ నక్షత్రం. అంగారకుడి ఉత్తర ధ్రువం హంస మండలంలోని డెనెబ్ దరిదాపులకు చూస్తుంది, సరిగ్గా గురి మీద పెద్ద చుక్కేమీ లేదు.

డాబా_చుక్కలు:
కార్తీక_రాత్రి గారూ, ధూళి సంగతి ఒప్పుకుంటున్నా. మరి చందమామలు? జరగని పనికి మనం "సూర్యుడు పడమట పొడిస్తే" అంటాం. అక్కడ ఫోబోస్ రోజూ పడమటే పొడుస్తుంది. 7 గంటల 39 నిమిషాలకో చుట్టు తిరుగుతూ, గ్రహం కంటే ముందు పరిగెత్తి తూర్పున కుంకుతుంది. డీమోస్ అందుకు పూర్తిగా వేరు, ఒకసారి పొడిస్తే రెండున్నర రోజులకు పైగా ఆకాశంలోనే ఉంటుంది. దాని ఒక ముఖం ఎప్పుడూ అంగారకుడి వైపే. శ్రీహరికోట నుంచి వెళ్లిన మంగళయాన్ 2014లో రెండో ముఖాన్ని ఫొటో తీసింది. అంగారకుడి నేల మీద ఎన్నేళ్లు నిలబడ్డా అది కనపడదు.

కార్తీక_రాత్రి:
ఫోబోస్ నడినెత్తిన ఉన్నప్పుడు కూడా వెడల్పులో మన చందమామలో మూడో వంతే. పిల్లలకు వెన్నెల్లో గోరుముద్దలు తినిపించేంత వెలుగు దానికెక్కడిది? నా మాట మీదే ఉంటాను. కానీ ఒక్క చోట నోరు మూతపడుతుంది. 2014 జనవరి 31న సూర్యుడు కుంకాక అక్కడి క్యూరియాసిటీ రోవర్ తీసిన ఫొటోలో భూమి ఉంది. 16 కోట్ల కిలోమీటర్ల దూరంలో, మనకు శుక్రుడు కనిపించినట్టు, సాయంత్రం చుక్కలా. ఆ ఫొటో చూసినప్పుడల్లా గుండె బరువెక్కుతుంది.

డాబా_చుక్కలు:
అందులో చందమామ కూడా ఉందా?

ధ్రువం_వైపు:
ఉంది, భూమికి ఆనుకునే. అక్కడ మనిషి నిలబడితే మామూలు కంటికే రెండూ విడివిడిగా కనిపిస్తాయి. వరుసగా రెండు వారాలు చూస్తే చందమామ భూమికి ఈ పక్క నుంచి ఆ పక్కకు వెళ్లడం కూడా తెలుస్తుంది.